శేషన్న సిలోన్ సన్నాహం

ఆదోని పత్తి మార్కెట్లో తూకాలు వేసే శేషన్నను అందరూ చాటుగా దూది శేషన్న అనేవాళ్లు. పత్తితో పని కాబట్టి ఆ పేరు వచ్చిందని అతని నమ్మకం. అసలు సంగతి వేరు. అతని మాట చూడ్డానికి బస్తాడు ఉంటుంది, తూస్తే తులం తూగదు.

అలాంటి శేషన్న ఒక ఎండాకాలం పొద్దున, సిలోన్ దేశం పోయి పరులకు సేవ చేస్తానని నలుగురి ముందు చెయ్యెత్తేశాడు. కారణం పరోపకారం కాదు. ఇంటి మిద్దె.

మట్టి మిద్దె సంగతి మనకు తెలియంది కాదు. ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్తగా చౌడు మన్ను పరచాలి. ఊరి బయట చౌడు తవ్వాలి, ఇంటికి తోలాలి, గంపలకెత్తి నిచ్చెన ఎక్కించాలి, పరిచి నీళ్లు చల్లి చదును చేసి కొట్టాలి. లేకపోతే మొదటి వానకే ఇల్లు జల్లెడవుతుంది. శేషన్న ఈ పనిని ఒక్కో ఏడు ఒక్కో నొప్పితో దాటేస్తూ వచ్చాడు. ఒక ఏడు నడుము, ఇంకో ఏడు మోకాలు. పోయినేడు ఏ నొప్పీ చేతికి దొరక్క, మిద్దె మీద పావురాలు గుడ్లు పెట్టాయి, కదిపితే పాపమన్నాడు. ఆ ఏడు వానకు బసమ్మ ఇంట్లోని గిన్నెలన్నీ కారే చోట్ల పెట్టేసరికి వంటకు గిన్నె మిగల్లేదు. శేషన్న గొడుగు కింద కూర్చుని, పక్కింటివాళ్లు ఇచ్చిన అన్నం తిన్నాడు.

"ఏమయ్యా, ఈ తూరి చౌడు ఎప్పుడేస్తావు?" అంది బసమ్మ రొట్టె తడుతూ.

"ఏస్తాలే."

"అది పోయినేటి మాట. ఈ ఏటి మాట సెప్పు."

"ఎవురినన్నా కూలోళ్లను పిలిపిస్తే పోతాది గదమే."

"అన్నిటికీ కూలోళ్లనే పిలిపిచ్చేటట్లుంటే మొగుణ్ణెందుకు సేసుకుంటి?"

శేషన్న తువ్వాలు భుజాన వేసుకుని టీ అంగడికి పోయాడు. అక్కడ ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఏసన్న సారు బెంచీ మీద నిలబడి మాట్లాడుతున్నాడు. బడిపంతులుగా చేసి దిగిపోయిన ఏసన్న సారు ఇప్పుడు శాంతి సేవా దళమని ఒకటి నడుపుతున్నాడు.

"సిలోన్‌లో వరదలొచ్చి ఊర్లకు ఊర్లు కొట్టుకపోయినాయప్పా. ఇండ్లు కట్టేదానికి మనుషులు కావల్ల. జీతం లేదు, పుణ్యముండాది. వానలకు ముందర ఎమ్మిగనూరులో మనుషుల్ని ఏరుకుంటాం. ఎవురొస్తారు?"

అందరూ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. శేషన్న మాత్రం లెక్క వేసుకున్నాడు. పరదేశం పోయేవాణ్ణి మిద్దె ఎక్కమని ఏ పెళ్లామూ అనదు. సన్నాహం సన్నాహమంటూ వానల దాకా నెట్టొచ్చు. ఎమ్మిగనూరులో ఏరే రోజు నడుం పట్టుకుని అబ్బా అంటే తీసి పక్కన పెడతారు. పేరూ వస్తుంది, మిద్దే తప్పుతుంది.

చెయ్యెత్తాడు.

ఎదురుగా కుట్టుమిషను ముందు కూర్చున్న ఉస్మాన్ సాబ్ చూడనే చూశాడు. ఉస్మాన్ సాబ్ దర్జీ. ఊరివాళ్లు పెట్టిన పేరు పేపరు సాబ్. ఆయన చెవిలో పడిన సంగతి మరునాడు అచ్చులో రావాల్సిన పని లేదు. శేషన్న టీ తాగి లేచేసరికి కబురు రైల్వే స్టేషను దాటింది.

ఇంటికి పోతే బసమ్మ గడపలోనే ఉంది.

"సిలోన్‌కు పోతాండావంట?"

"నీకెవురు సెప్పిరి?"

"ఊర్లో అందరికీ తెలిసినాక నాకు తెలిసె."

"సేవ బసమ్మా, సేవ! పిలుపొస్తే ఆగకూడదు."

"నేను నీళ్లకాడ నుంచి పిలిస్తే యానాడూ ఇనపడల్యా. సముద్రం అవతల నుంచి పిలిస్తే ఇనపడెనా?"

"లంకకు పోయేదంటే తమాషా అనుకున్యావా? అప్పుడు హనుమంతుడు పోయె. ఇప్పుడు నేను."

"ఆయప్ప పోయి ఇండ్లు కాల్సొచ్చె. నిన్ను పిలిసేది కట్టేదానికి. తేడా సూసుకొని పో."

శేషన్న నవ్వి, అసలు విషయానికి మెల్లగా వచ్చాడు. "ఇంగ మిద్దె గిద్దె అనొద్దు నాతో. పరదేశం పోయే శరీరం ఇది. నిచ్చెన మీద కాలు జారితే నష్టం నాకు కాదు, దేశానికి."

బసమ్మ అతన్ని, సంతలో పుచ్చు వంకాయను తిప్పి చూసినట్టు, పైనుంచి కింది దాకా చూసింది.

"సరే, పో. మంచి పనే," అని లోపలికి పోయింది.

ఏడుస్తుందనుకున్నాడు. కాళ్లకు అడ్డం పడుతుందనుకున్నాడు. కళ్లు కూడా తడవలేదు. శేషన్నకు ఎక్కడో కొంచెం నొచ్చింది.

ఆ నొప్పి ఎక్కువసేపు నిలవలేదు. మార్కెట్లో దండ వేశారు. అప్పటిదాకా వాడూ వీడూ అన్నవాళ్లు శేషన్న గారూ అన్నారు. టీ అంగట్లో అతని చుట్టూ మనుషులు.

"సిలోన్ అంటే రేడియోలో పాటలొస్తాయే, ఆ దేశమేనా అన్నా?" అని అడిగాడు మారెప్ప. మారెప్ప పత్తి బేళ్లు మోసే హమాలీ. కొండంత మనిషి, గుప్పెడు మాటలు.

"అదే. ఆడ శానామంది మాట్లాడరు, పాడతారు," అన్నాడు శేషన్న, అక్కడే పుట్టి పెరిగినట్టు.

"నేను గూడా పేరిచ్చినా అన్నా," అన్నాడు మారెప్ప సిగ్గుపడుతూ.

"ఇయ్యి, ఇయ్యి. అయితే అందరికీ దొరికేది కాదది," అని శేషన్న ఓదార్చాడు.

ఇంతలో బసమ్మ ఎమ్మిగనూరు పుట్టింటికి పోయి వచ్చింది. వస్తూనే చెప్పింది: "ఏసన్న సారును కలిసొస్తి."

శేషన్న నోట్లో తమలపాకు ఆగింది. "ఎందుకు?"

"మొగుణ్ణి పరదేశం పంపేటప్పుడు కనుక్కోవద్దా? ఆడ పెండ్లాలు ఉండరంట. ఎవురి రొట్టె వాళ్లే తట్టుకోవల్లంట, ఎవురి గుడ్డలు వాళ్లే పిండుకోవల్లంట. అది రాకుంటే దళంలో కలుపుకోరంట. రేపట్నుంచి నేర్సుకో."

"రేపట్నుంచేనా?"

"సేవ గదా. ఆగకూడదని నువ్వే అంటివి."

మరునాడు శేషన్న జొన్నపిండి ముందు కూర్చున్నాడు. వేణ్ణీళ్లు ఎక్కువయ్యాయి, పిండి పోశాడు. పిండి ఎక్కువైంది, నీళ్లు పోశాడు. ఇద్దరికి మొదలుపెట్టిన పిండి పెళ్లికి సరిపోయేంత అయింది. తట్టి తట్టి చివరికి ఒకటి పెనం మీద వేశాడు.

"ఇదేంది?" అంది బసమ్మ.

"రొట్టె."

"నేను సిలోన్ పటమనుకుంటి."

ఆ రొట్టెలో ముక్క ఉస్మాన్ సాబ్ తిన్నాడు. తిన్నాడు అనడం కంటే నమిలాడు అనాలి. చాలాసేపటికి నోరు ఖాళీ చేసుకుని, "భాయ్, పాపం ఆ జనం వరదకు తట్టుకున్యారు. దీనికి తట్టుకోలేరు. ఇంగా ప్రాక్టీస్ చేయి," అన్నాడు.

చేశాడు. వీధంతా చూస్తుంటే చేయక తప్పుతుందా? పొద్దున రొట్టెలు, ఆపైన గుడ్డలు. తన పంచె పిండుతుంటే బసమ్మ చీర కూడా తెచ్చి పడేసింది.

"ఆడ నేను సీరలు కట్టుకుంటానామే?"

"వరదల్లో ఆడోళ్లుండరా? వాళ్ల గుడ్డలు పిండే పని పడితే బిక్కమొగం ఏస్తావా?"

ఆ తర్వాత నీళ్లు. రెండు భుజాల మీద రెండు బిందెలు.

"ఓడ ఊగుతాదంట. సుక్క ఒలక్కుండా రెండు బిందెలు మోసేటోనికి ఓడలో కడుపు తిప్పదు," అంది బసమ్మ.

"ఇది గూడా సారే సెప్పినాడా?"

"లేదు, నాకే తోసె. సారుకు అన్నీ తెలుస్తాయా?"

ఇలా శేషన్న ఇంటా బయటా తిరుగుతుంటే బసమ్మ అరుగు మీద కూర్చుని పక్కింటి దౌలత్‌బీతో ఆకూ వక్కా వేసుకుంటూ, పెళ్లయిన ఇన్నాళ్లకు మొదటిసారి తీరిగ్గా ఊరి సంగతులు వింది. దౌలత్‌బీ ముసలమ్మ. నా అన్నవాళ్లు లేరు. బొంతలు కుట్టుకుని బతుకుతుంది.

ఇంత జరుగుతున్నా శేషన్న లోలోపల సంతోషంగానే ఉన్నాడు. మిద్దె మాట ఎవరూ ఎత్తడం లేదు. రొట్టెలు తట్టడానికి నిచ్చెన ఎక్కనక్కర్లేదు.

ఒక పొద్దున లేచి వాకిలి తీస్తే ఎదురుగా చౌడు మన్ను. బండెడు. పక్కనే గంప, పార, గోడకు చేరగిలబెట్టిన నిచ్చెన.

"ఇదేందే?"

బసమ్మ నింపాదిగా అడిగింది. "సిలోన్‌లో ఏం పని?"

"ఇండ్లు కట్టే పని."

"ఇండ్లు కట్టల్లంటే మన్ను మోయల్లా, వద్దా?"

"మోయ... మోయల్ల."

"యానాడన్నా మోసినావా?"

శేషన్నకు అప్పుడు అర్థమైంది. తానే బోను దాకా నడిచిపోయి, తానే లోపలికి దూరి, తలుపు కూడా తానే లాక్కున్న ఎలుక తాను. నడుం మీదికి చెయ్యి పోబోయింది. కానీ అప్పటికే వీధి నిండింది. ఉస్మాన్ సాబ్ మిషను వదిలేసి వచ్చి, "అరే వాహ్! ఇప్పుడు సూడండప్పా అసలు ప్రాక్టీసు!" అని చప్పట్లు కొట్టాడు.

మొదటి గంపను రెండు మెట్లెక్కి మళ్లీ దించేశాడు. రెండో గంప సగం తల మీదే ఒలికింది. కనుబొమల మీద చౌడుతో నిచ్చెన సగంలో నిలబడి, "బసమ్మా, సిలోన్‌లో మిద్దెలు ఉండవేమోనే, తాటాకు ఇండ్లంట," అన్నాడు ఆశగా.

"అయితే ఇంగా మంచిది. ఆడ నీకు పని సులువు," అంది బసమ్మ కింది నుంచి.

మొత్తానికి మిద్దె పూర్తయింది. ఏళ్ల తరబడి తప్పించుకున్న పని. శేషన్న మిద్దె మీదే వెల్లకిలా పడుకుని, పోనీలే, ఇంతటితో పీడ వదిలింది అనుకున్నాడు.

వదల్లేదు. కింది నుంచి దౌలత్‌బీ పిలిచింది.

"బేటా శేషన్నా! సిలోన్‌లో ముసలోళ్లకు ఇండ్లు కట్టిస్తావంట. నా ఇల్లు గూడా పోయినేటి నుంచి సిలోన్ మాదిరే ఉండాది. ప్రాక్టీసు చాలకుంటే ఈడికి రా."

వీధంతా నవ్వింది. శేషన్నకు నవ్వు రాలేదు, కాదనే దారీ కనిపించలేదు. మరునాడు ఆ మిద్దెను కింది నుంచి కొలుద్దామని ఆమె ఇంట్లోకి పోయాడు. మంచం, బొంతల మూట, పొయ్యి, అన్నీ ఒకే మూలకు నెట్టి ఉన్నాయి. ఇంట్లో కారని చోటు అదొక్కటే. మిగతా గోడలన్నీ వాన చారలతో నల్లబడి ఉన్నాయి. ఆ మిద్దె మీద తన మిద్దెకంటే రెండు గంపలు ఎక్కువే పరిచాడు, ఎవరూ అడక్కుండానే. ఆ సాయంత్రం దౌలత్‌బీ మంచాన్ని నడింట్లోకి జరుపుకుంది. అది చూసి అతను ఎందుకో ఆ రోజు తన గొప్పలు చెప్పుకోవడానికి టీ అంగడికి పోలేదు.

తర్వాత ఉస్మాన్ సాబ్ మిద్దె. ఆ తర్వాత ఆ వరసలో మరో ఇద్దరివి. శేషన్న పొట్ట తగ్గింది. చొక్కా వదులైంది. నిచ్చెన మీద కూనిరాగం కూడా తీయడం మొదలుపెట్టాడు. ఆ రాగం విన్న రోజు బసమ్మ ఆకూ వక్కా పక్కన పెట్టి, కొంచెంసేపు అతని వైపే చూస్తూ కూర్చుంది.

అతని బెంగ ఇంకోటి. ఇప్పుడు నడుం నొప్పి అంటే నమ్మేదెవడు?

ఏరే రోజు రానే వచ్చింది. శేషన్న, బసమ్మ, మారెప్ప ఎమ్మిగనూరు బస్సెక్కారు. సాక్ష్యానికి ఉస్మాన్ సాబ్ కూడా, అంగడి మూసుకుని ఎక్కాడు. అక్కడ బడి ఆవరణలో షామియానా, జనం. దళం పిలిపించిన సుగుణమ్మ డాక్టరమ్మ ఒక్కొక్కరినీ పరీక్ష చేస్తోంది.

శేషన్న వంతు వచ్చింది. వేసుకున్న లెక్క ప్రకారం నడుం పట్టుకున్నాడు.

"అబ్బా! డాక్టరమ్మా, ఈడ ఒకటే నొప్పి. చిన్నప్పట్నుంచీ. పోవల్లనే ఉండాది, పానం సహకరించల్యా."

డాక్టరమ్మ నొక్కి చూసింది. శేషన్న నొక్కిన చోటల్లా అరిచాడు. నొక్కని చోట కూడా ఒకసారి తొందరపడి అరిచాడు.

"అబద్ధం డాక్టరమ్మా!" అని జనంలోంచి ఉస్మాన్ సాబ్ లేచాడు. "ఆయన గొప్ప ఆయన సెప్పుకోడు. మా వీధిలో మిద్దెలన్నీ ఎక్కి చౌడేసినాడు. నా మిద్దె మీద పాట పాడతా ఏసినాడు! నడుం నొప్పుండేటోడు పాడతాడా?"

డాక్టరమ్మ నవ్వింది. "ఇంకొకరికి చోటివ్వాలని తప్పుకుంటున్నాడేమో. మంచివాళ్లకే ఈ బుద్ధి ఉంటుంది," అంటూ అతని భుజం తట్టి పంపింది. ఏసన్న సారు కళ్లు తుడుచుకుని, దండ తెచ్చి అందరికంటే ముందు శేషన్న మెడలో వేశాడు. మారెప్పకు చోటు లేదన్నారు. పాపం మారెప్ప వెనక వరసలో కూర్చుని, అందరితోపాటు తానూ చప్పట్లు కొట్టాడు.

దండ కింద శేషన్నకు చెమట పట్టింది. సముద్రం కళ్ల ముందు ఊగింది. అతను చూసిన అతిపెద్ద నీళ్లు తుంగభద్ర. దానిలో కూడా మోకాలి దాకానే దిగాడు.

"ఇంగొక్క మాట," అన్నాడు ఏసన్న సారు. "ఇంటి ఇల్లాలు ఒప్పుకోకుంటే మేము ఎవుర్నీ తీసుకుపోము. బసమ్మా, ఇట్ల పైకి రామ్మా. మీ ఆయన్ను పంపేదానికి నీకు సమ్మతమేనా?"

శేషన్నకు ప్రాణం లేచొచ్చింది. పక్కకు వచ్చి నిలబడిన భార్య చెవిలో, పెదవులు కదపకుండా అన్నాడు.

"వద్దని సెప్పు."

"ఎందుకు?"

"నేను లేకుంటే నీకు కష్టం గదా."

"ఏం కష్టం? నువ్వొచ్చేదాకా నేను కాలు మీద కాలేసుకొని ఉంటా."

"బసమ్మా, నీకు దండం పెడతా."

"మెడలో దండేసుకొని దండమెట్ల పెడతావు? నిజం సెప్పు. పేరు ఎందుకిస్తివి?"

జనం చూస్తున్నారు. ఏసన్న సారు ఎదురుచూస్తున్నాడు. శేషన్న దండ సరిచేసుకుంటున్నట్టు వంగి, "మిద్దె... ఎక్కాల్సొస్తాదని," అన్నాడు.

"సరే. నేను ఏం సెప్పినా ఔనంటావా?"

"ఔనంటా. తల తెగినా ఔనంటా."

బసమ్మ కొంగు సరిచేసుకుని జనం వైపు తిరిగింది.

"సారూ, మా ఆయనకు సేవంటే పానం. పంపియ్యకూడదని కాదు. అయితే మా వీధిలో ముసలోళ్లుండారు. వాళ్లకు కొడుకుల్లేరు, కూలి పెట్టే తాహతు లేదు. ఏటా వానలకు ముందర వాళ్ల మిద్దెలు ఎవురెక్కల్ల? సిలోన్‌కు పోయేదానికి మారెప్పట్లాటి గట్టోళ్లుండారు. మావోళ్లకు ఈయన ఒక్కడే. ఏటేటా ఆ మిద్దెలన్నీ తానే సూసుకుంటానని ఈయన మనసులో ఉండాది. మొగమాటానికి సెప్పలేకుండాడు. నన్ను సెప్పమన్యాడు."

షామియానా కింద చప్పట్లు మారుమోగాయి.

"నిజమేనా శేషన్నా? ఏటా?" అని అడిగాడు ఏసన్న సారు.

శేషన్న భార్య వైపు చూశాడు. బసమ్మ ఎటో చూస్తోంది.

"ఔను సారూ," అన్నాడు. "ఏటా."

తన మెడలోని దండ తీసి మారెప్ప మెడలో తానే వేశాడు. మారెప్ప ఆ దండను రెండు చేతులా పట్టుకుని చూసుకుని, శేషన్నను బేలులాగా పైకెత్తి దించాడు. నడుంలో ఎక్కడో కలుక్కుమంది. ఈసారి నిజంగానే. చెప్పుకోవడానికి లేదు.

మారెప్ప, ఉస్మాన్ సాబ్ ఇద్దరూ ఏసన్న సారు దగ్గరే ఆగిపోయారు. తిరుగు బస్సులో మొగుడూ పెళ్లాం ఇద్దరే. ముందుగా శేషన్నే అడిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలీకేం? పేరిచ్చినప్పట్నుంచి సిలోన్ ఎంత దూరమని ఒక్కరినన్నా అడిగినావా? పోయేటోడు దారి అడగకుండా ఉంటాడా?"

"మరి ఊరికే ఆ పొద్దే అడిగేసింటే పోయేది గదా."

"అడిగింటే మిద్దె అయ్యేదా?"

శేషన్న అరచేతుల్లోని కాయలు తడుముకున్నాడు. బసమ్మ, కిటికీ బయటికి చూస్తూనే, మెల్లగా అంది. "అయితే నువ్వు పాడతా మన్ను మోసేది సూసినాక భయమాయె. నిజంగానే పోతావేమో అని. రెండు దినాల నుంచి కూడు గూడా సరిగ్గా పోల్యా నాకు."

శేషన్న ఆ మాటకు నిటారుగా కూర్చున్నాడు. చాలాకాలం తర్వాత తనకు తాను బరువుగా అనిపించాడు.

పెద్దకడుబూరు దగ్గర ఒక రైతు ఎక్కి అతని పక్కన కూర్చున్నాడు. బస్సు కదలగానే అడిగాడు. "ఆదోనా అప్పా మీది? మీ ఊర్లో ఎవురో మహానుభావుడు ముసలోళ్ల మిద్దెలన్నీ ఊరికే బాగు చేస్తాండాడంట. సిలోన్‌కు గూడా పోతాడంట. ఎరుకా నీకు?"

శేషన్న ఛాతీ ఉబ్బింది. నోరు తెరిచాడు. బసమ్మ వైపు ఒకసారి చూసి, దాన్ని సగం మూశాడు.

"ఎరుకే. పోవడం లేదంట. పెండ్లాము పంపలేదంట."

"ఆయమ్మ పున్యాత్మురాలు!" అన్నాడు రైతు. "మా ఊర్లో మా యమ్మ మిద్దె గూడా పడిపోయేటట్లుండాది. అట్లాటాయన వస్తే కాళ్లు కడిగి పిలుసుకపోతా. ఇల్లు యాడో తెలుసా మీకు?"

శేషన్న తెలీదని తల అడ్డంగా ఊపబోయాడు. అప్పటికే బసమ్మ అతని మీదుగా వంగి, "తెలీకేమన్నా! పత్తి మార్కెట్టు దాటి ఎడమ పక్కకు తిరుగు..." అని గుర్తులు చెప్పడం మొదలుపెట్టింది.